నల్లముగ్గు

జ్యోతినగర్ గెస్ట్‌హౌస్‌లో డాక్టర్ సుబ్రహ్మణ్యం ఈ లోకంలో చివరిసారి తిట్టింది ఇడ్లీని. చల్లారిపోయిందని విసుక్కుని, వేడివి తెమ్మని సప్లయర్‌ని పంపాడు. వేడివి వచ్చేసరికి ఆయన టేబుల్ మీద తల వాల్చేసి ఉన్నాడు. గుండెపోటు అన్నారు. మర్నాడు హైదరాబాద్‌లో మరో డాక్టరు ఆయన చెవి వెనక సన్నని సూదిపోటు చూశాడు. గుండెపోటు సూది పట్టుకుని రాదు.

అది 2013 డిసెంబరు. తెలంగాణ వస్తుందా, మళ్లీ వాయిదా పడుతుందా అని చాయ్ హోటళ్లన్నీ వాదించుకుంటున్న రోజులు. కోఠీలో 'పద్మావతి పంప్‌సెట్స్' బోర్డు వెనక దాక్కున్న సెక్షన్-9 ఆఫీసులో మాత్రం వేలిగోరంత పలక ఒకదాని గురించి మాట్లాడుకుంటున్నారు.

"కె-14, ఇది చూడు." చీఫ్ ల్యాప్‌టాప్ తిప్పాడు.

స్క్రీన్ మీద ఒక గాజుపలక, దాని మీద నల్లటి నూనె చుక్క. ఎవరిదో చెయ్యి స్విచ్ నొక్కింది. చుక్క కదిలింది. గీతలుగా చీలి, మెలికలు తిరిగి, వాకిట్లో ముగ్గులా పరుచుకుంది. స్విచ్ తీయగానే మళ్లీ మామూలు చుక్క.

"ముగ్గులా ఉంది సార్," అన్నాడు ఏజెంట్ కె-14, ఇంట్లో పేరు వీరేందర్.

"నల్లముగ్గు. ఆపరేషన్ పేరు కూడా అదే. ఆ గాజు మీద ఉన్నది మల్టీఫెర్రాయిక్ ఫిల్మ్. వోల్టేజి ఇస్తే దాని కింది పొర కాస్త సాగుతుంది, పై పొరలో అయస్కాంతం దిశ మారుతుంది. నూనెలో మాగ్నెటిక్ నానో పార్టికల్స్ ఉన్నాయి. అవి ఆ దిశ వెంట నడుస్తాయి. రమ్మంటే వస్తాయి, గోడలా నిలబడమంటే నిలబడతాయి. తీగచుట్ట లేదు, వేడి లేదు, స్పార్క్ లేదు."

"స్పార్క్ లేకపోతే బాయిలో వాడుకోవచ్చు."

"బాయి ఏమిటి?"

"గని సార్. మా గోదావరిఖనిలో బాయే అంటారు."

"అందుకే నిన్ను పిలిచాను. గ్యాస్ ఉన్న గనుల కోసమే, గెస్ట్‌హౌస్‌లో పోయిన మన సైంటిస్టు సుబ్రహ్మణ్యం ఈ వాల్వు తయారుచేశాడు. ఆర్కిడ్ ముఠాకి ఇంకో పని కోసం కావాలి. ఏ స్కానర్‌కీ దొరకని విషం క్యాప్సూల్, దానికి దూరం నుంచి తెరిచే మూత. ప్రపంచంలో ఈ ఫిల్ములు రెండే ఉన్నాయి. రెండూ మైసమ్మ ఇంక్లైన్ గనిలో, టెస్ట్ గ్యాలరీలో ఉన్నాయి. ఎక్విప్‌మెంట్ కన్సల్టెంట్ వేషంలో వోల్కర్ అనే విదేశీయుడు అక్కడ తిష్ట వేశాడు. నీకు కాంటాక్ట్ కృష్ణప్రియ. సుబ్రహ్మణ్యం అసిస్టెంట్. ఆర్కిడ్‌లో మన మనిషి."

"మన మనిషేనా సార్?"

"నెలనెలా మన దగ్గరే జీతం తీసుకుంటోంది."

"వాళ్ల దగ్గర?"

చీఫ్ ల్యాప్‌టాప్ మూసేశాడు.

వీరేందర్ లేవలేదు. ఒక విషయం చెప్పాలా వద్దా అని ఆలోచించాడు. పదిహేడేళ్ల క్రితం తండ్రి ఒంట్లో బాగోలేక అన్‌ఫిట్ అయినప్పుడు, బాయిలో ఆ ఉద్యోగం వారసుడిగా అతనికి రావాలి. ఒక్కసారి దిగి చూశాడు. నెత్తిమీద అంత బండ ఉందన్న ఊహకే ఊపిరాడక, వాంతి చేసుకుని పైకొచ్చాడు. ఉద్యోగం బావ జైపాల్‌కి పోయింది. తుపాకులకి భయపడని వీరేందర్ ఈనాటికీ లిఫ్టు ఎక్కడు, మెట్లెక్కుతాడు. కానీ పంప్‌సెట్స్ కంపెనీలో ఇలాంటి మాటలు చెప్పుకునే ఆచారం లేదు. లేచి సెల్యూట్ కొట్టాడు.

పెద్దపల్లి స్టేషన్‌లో కృష్ణప్రియని గుర్తుపట్టడం కష్టం కాలేదు. గంజి పెట్టిన నేత చీర, నల్లకళ్లద్దాలు. ఆమె వైపు చూస్తూ చాయ్ పోస్తున్నవాడు గ్లాసు నిండిపోయినా ఆపలేదు. వాణ్ణి చూసి వీరేందర్ నవ్వుకున్నాడు.

"బొగ్గు తడిసిందా?" అన్నాడు వీరేందర్ పక్కన నిలబడి.

"తడిస్తే తూకం పెరుగుతుంది కదండీ," అంది ఆమె.

కోడ్ సరిపోయింది. ఇద్దరూ గోదావరిఖని బస్సుల వైపు నడిచారు.

"రేపు ఫస్ట్ షిఫ్టులో వోల్కర్ ఫిల్ములు రెండూ ఎత్తుకుపోతాడు. గ్యాలరీలోనే పట్టుకోవాలి. నేను దారి చూపిస్తాను."

"ఆడవాళ్లని బాయిలోకి దింపరు కదా, మీరెలా వస్తారు?"

"రేపు దింపుతారు. కార్మికుల భార్యలకి గని చూపించే రోజు. వాళ్లతోపాటు నాకూ పర్మిషన్ దొరికింది. ఆ రోజు అందుకే ఎంచుకున్నాం."

ఎంచుకున్నాం అన్న మాటలో 'మేము' ఎవరో అప్పుడే అడిగి ఉండాల్సింది. వీరేందర్ అడగలేదు. చాయ్‌వాలాని చూసి నవ్వినవాడికి అదే శాస్తి.

ఆ గని సందర్శన సంగతి గోదావరిఖనిలో అందరికీ తెలిసిందే. మగవాళ్లు డ్యూటీకి నాగాలు పెడుతుంటే మెమోలిచ్చి, మైకుల్లో చెప్పించి కంపెనీ అలిసిపోయింది. చివరికి ఇంటాయన ఎంత చీకట్లో చెమటోడుస్తాడో ఇల్లాలికే చూపిస్తే, మర్నాడు ఆమే లేపి పంపుతుందని తెలివిగా లెక్కేసింది. ఆ రోజు మైసమ్మ ఇంక్లైన్ ముందు పెళ్లి వచ్చినంత సందడి. కొప్పుల్లో పూలు, పూల మీద హెల్మెట్లు, చీర కుచ్చెళ్లు పైకి దోపి గమ్‌బూట్లు. పక్కనే గుడిలో మైసమ్మ తల్లికి కొబ్బరికాయలు టపటపా పగులుతున్నాయి.

వీరేందర్ గ్యాస్ మీటర్ల మెకానిక్ వేషంలో వచ్చాడు. వేషమనడం కూడా తప్పే. ఇంట్లోవాళ్లకి ఎప్పటినుంచో చెప్పిన ఉద్యోగం అదే.

గని మొగదల సెర్చి చేసే ముత్యం అతన్ని నిలబెట్టాడు. బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోన్, బ్యాటరీ ఉన్న వస్తువు ఏదీ లోపలికి పోకూడదు. గడియారం తీయించాడు. అందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. పెన్ను లాక్కున్నాడు. అందులో మత్తు సూది ఉంది. బెల్టు బకిల్ తట్టి చూసి అనుమానంగా అదీ విప్పించాడు. సెక్షన్-9 మూడేళ్లు కష్టపడి చేయించిన సామానంతా చిరిగిన అట్టపెట్టెలో పడింది.

"మీటరొక్కటి తీస్కపో. వచ్చినంక తీస్కో నీ సొమ్ములు," అన్నాడు ముత్యం.

ల్యాంపులిచ్చే గదిలోనూ అంతే. హెల్మెట్‌కి తగిలించే క్యాప్ ల్యాంపుల్లో మంచివన్నీ ఇల్లాళ్లకి పంచేశారు. బయటి కంపెనీల మనుషులకి ఛార్జింగ్ అంతంతమాత్రంగా ఉన్న పాతవి మిగిలాయి.

"ఏంరా తమ్మీ! నువ్వీడ?"

వీరేందర్ తిరిగి చూశాడు. హెల్మెట్ కింద అక్క మల్లక్క ముఖం. వదులైన బూట్లలో బాతులా నడుస్తూ వచ్చి చెయ్యి పట్టుకుంది. తల్లి పోయాక అతన్ని సాకింది ఆమే.

"మీటర్ రిపేరు, అక్కా. నువ్వెందుకు వచ్చినవ్?"

"ఎందుకేంది? మీ బావ గిన్నేండ్ల సంది పోతుండు. ఆడ ఏమున్నదో నేను చూడొద్దా?"

"ఇయ్యాల వద్దక్కా. ఇంటికి పో."

"నీ భయం నాకు అంటియ్యకు," అని నవ్వి, బూట్లు ఈడ్చుకుంటూ ఆడవాళ్ల వరసలో కలిసిపోయింది.

ఏదో తేడాగా ఉందని వీరేందర్‌కి అనిపించింది. కానీ కృష్ణప్రియ అప్పటికే, తాడు మీద మనుషుల్ని కిందికి దించే మ్యాన్ రైడింగ్ కుర్చీ ఎక్కి చెయ్యి ఊపుతోంది. లిఫ్టు కూడా ఎక్కని అతను దాన్ని ఎక్కాడు. వెలుతురు వెనక్కి, పైకి, చిన్నదై పోయింది.

టెస్ట్ గ్యాలరీ అంటే సొరంగంలో ఒక అడ్డదారి. ఒక కొసన స్వచ్ఛమైన గాలి వచ్చే దారి, రెండో కొసన చెడ్డ గాలి బయటికి పోయే దారి. గాలి వచ్చే వైపు ఒకదాని వెనక ఒకటి రెండు చెక్క తలుపులు. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. రెండూ ఒక్కసారి తెరిస్తే గాలి ఆ అడ్డదారిన పారిపోయి, పని జరిగేచోట మనుషులకి అందదు. బాయిలో పుట్టినవాడు, పెరిగినవాడు ఎవడూ ఈ రూలు తప్పడు. రెండో కొసన ఇటుక గోడ, అందులో గాలి పోవడానికి తల కూడా పట్టనంత కిటికీ.

ఇద్దరూ తలుపులు ఒకటొకటిగా దాటి లోపలికొచ్చారు. మీటరు కీచుమంది.

"నాలుగు పర్సెంట్!" వీరేందర్ ఆగిపోయాడు. "ఐదు దాటితే నిప్పురవ్వ చాలు. గాలి ఎందుకు ఆడట్లేదు?"

కృష్ణప్రియ మెల్లగా వెనక్కి నడుస్తోంది, తలుపు వైపు. అతను తిరిగి చూసేసరికి ఆమె తలుపు తోస్తోంది. తలుపు కదల్లేదు. అవతల ఇనుప గడియ పడిన చప్పుడు, తర్వాత బయటి తలుపుకీ అదే చప్పుడు.

"వోల్కర్!" ఆమె అరిచింది. "నేనింకా లోపలే ఉన్నాను! అతన్ని ఒక్కడినే కదా అన్నావు!"

బయటినుంచి ప్రశాంతమైన ఇంగ్లీషు గొంతు వినిపించింది. ఫార్ములా చేతికొచ్చాక అది తెలిసిన మనిషి అదనం అని, చాలా విచారిస్తున్నానని చెప్పి ఆ గొంతు దూరమైంది.

వీరేందర్ ఆమె వైపు చూశాడు. "మా దగ్గర ఎన్నాళ్లు పనిచేశారు? వాళ్ల దగ్గర ఎన్నాళ్లు?"

"రెండూ ఒకేసారి."

"పీఎఫ్ ఎవరు కట్టారు?"

ఆమె పైకప్పుకేసి చూపించింది.

అక్కడ ఆధారపు దుంగ మీద ఒక క్యాప్ ల్యాంపు వెలుగుతోంది. దానికి సన్నటి తీగలతో కట్టిన గాజుగొట్టం. గొట్టంలో పైన ఒక ద్రవం, కింద ఒక ద్రవం. రెండింటికీ మధ్య గొట్టం నడుము సన్నబడిన చోట నల్లటి గీతలు గీతలుగా ఒక గోడ. నల్లముగ్గు.

"రెండో ఫిల్మ్ అది," అంది కృష్ణప్రియ. "ఒకటి వోల్కర్ జేబులో ఉంది. దీన్ని ఫ్యూజుగా వాడాడు. పై ద్రవం కిందదానితో కలిస్తే భగ్గుమంటుంది. మధ్యలో పార్టికల్స్ అడ్డుగా నిలబడ్డాయి. ఫిల్మ్‌కి వోల్టేజి ఉన్నంతసేపే వాటిని పట్టి ఉంచుతుంది. ల్యాంపు బ్యాటరీ దిగిపోతే..."

"ల్యాంపు ఆర్పేస్తే బ్యాటరీ దిగదు కదా."

"స్విచ్ విరగ్గొట్టాడు చూడండి."

"తీగలు?"

"జిగురుతో అతికించాడు. ఊడబెరికితే అదే క్షణంలో ముగ్గు చెదిరిపోతుంది. బల్బు పగలగొడితే లోపలి ఎర్రటి తీగే గ్యాస్‌ని అంటిస్తుంది."

అంటే ఈ దీపం ఆరేదాకే వాళ్ల ఆయుష్షు.

"గ్యాస్ అంటుకుంటే బొగ్గుదుమ్ము అందుకుంటుంది," అన్నాడు వీరేందర్. తండ్రి చెప్పిన మాటలు గుర్తొస్తున్నాయి. "ఒక్క గ్యాలరీతో ఆగదు. బాయంతా కాలిపోతుంది. ఈరోజు ఆడవాళ్లున్నారు లోపల!"

"అందుకే ఈరోజు. ఎవరో ఇల్లాలు చాటుగా సెల్‌ఫోన్ తెచ్చిందని, దానివల్లే ప్రమాదమని రాసుకుంటారు. ఫిల్మ్ కోసం ఎవరూ వెతకరు. మీరొక్కరే అన్నాడు నాతో. పేలుడు అనలేదు. ఒట్టు."

ఆమె నిజం చెబుతోందో లేదో తేల్చుకునే తీరిక లేదు. అతని మనసులో ఒకటే ఉంది: వదులు బూట్లు ఈడ్చుకుంటూ నడిచే అక్క.

వీరేందర్‌కి భయం వేసింది. గూఢచారులకి భయం వేయదని రాసేవాళ్లు బాయి దిగి ఉండరు. చెమట కళ్లలోకి కారుతోంది, ఎంత పీల్చినా గాలి సగమే వస్తున్నట్టుంది, బండ అంగుళం అంగుళం కిందికి దిగుతున్నట్టుంది. వాంతి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని కక్కుకుని, మూతి తుడుచుకుని లేచాడు. సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

"కిటికీ," అన్నాడు.

అవతలి గోడలో కిటికీకి వోల్కర్ పలకలు అడ్డం కొట్టించాడు. గ్యాస్ నిండింది అందుకే. ఇనుముతో తడితే నిప్పు రాలుతుంది కాబట్టి వేళ్లతోనే లాగాలి. ఇద్దరూ లాగారు. కృష్ణప్రియ గోళ్లు విరిగాయి, వీరేందర్ అరచేతిలో మేకు దిగింది. ఒక పలక, ఇంకో పలక, చివరిది కూడా ఊడింది. మీటరు చూశాడు. ఐదున్నర.

"తగ్గలేదేం?" అంది ఆమె.

"ఈ కొస తెరిస్తే చాలదు. ఆ కొస తలుపులు మూసి ఉన్నాయి. లోపలికి రాని గాలి బయటికెలా పోతుంది?"

ఆమె ల్యాంపు మినుకుమని ఆరిపోయింది. కాసేపటికి అతనిదీ పోయింది. పాతవి కదా. ఇక మిగిలింది దుంగ మీది వెలుతురు ఒక్కటే.

గ్యాస్ తేలిక, పైకప్పుకి చేరుతుంది. గొట్టం కిందికి తెస్తే కొంత మేలు. వీరేందర్ ల్యాంపునీ గొట్టాన్నీ కలిపి రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డని దింపినట్టు దింపాడు. నల్లగోడ ఒక్కసారి అలలా ఊగింది. కృష్ణప్రియ కళ్లు మూసుకుంది. ముగ్గు నిలబడింది. మూలన బొగ్గుదుమ్ము మీద చల్లే తెల్లటి రాతిపొడి బస్తా ఉంటే, పొడిని కుప్పపోసి అందులో గొట్టాన్ని మెడదాకా పాతాడు. దాని పక్కన మీటరు మూడున్నర చూపించింది. అది కూడా పెరుగుతోంది.

ఇక చేసేదేమీ లేదు. ఇద్దరూ గోడకానుకుని ఆ ల్యాంపునే చూస్తూ కూర్చున్నారు. తెల్లగా ఉన్న వెలుతురు పసుపుపచ్చగా మారింది.

"సుబ్రహ్మణ్యం గారు నన్ను కూతురిలా చూశారు," అంది ఆమె ఉన్నట్టుండి. "సూది సంగతి నాకు తర్వాత తెలిసింది. తెలిశాక కూడా ఆగలేదు. డబ్బు చాలా ఇచ్చారు."

వీరేందర్‌కి ఆమె మీద కోపమూ జాలీ ఒక్కసారే కలిగాయి.

అప్పుడు వినిపించాయి గొంతులు. రెండు తలుపుల అవతల, నీళ్లలోంచి వచ్చినట్టు. ఆడవాళ్ల నవ్వులు, గమ్‌బూట్ల చప్పుడు, వాళ్లకి గని చూపిస్తున్న మైనింగ్ సర్దార్ కొమురెల్లి కంఠం.

"గిది గాలి తలుపమ్మా. దీనికి ఇంటు మార్కు వెట్టిన్రు, సుద్దతోని. అంటే లోపల గ్యాస్ ఉన్నట్టు. దీన్ని ఎవలు ముట్టద్దు. నడువుండ్రి, నడువుండ్రి."

వోల్కర్ తెలివి అప్పుడర్థమైంది వీరేందర్‌కి. ఇనుప తాళాన్ని విరిచేసే మొనగాళ్లు ఆ బాయిలో వందమంది ఉంటారు. సుద్దముక్కతో గీసిన ఆ గుర్తు దాటేవాడు ఒక్కడూ ఉండడు. సర్దార్‌కి వినిపించినా తెరవడు. పైకి ఫోన్ చేస్తాడు, ఓవర్‌మెన్‌ని పిలుస్తాడు, రూలు ప్రకారం వస్తారు. అప్పటికి దీపం ఆరిపోతుంది.

"అరవండి!" కృష్ణప్రియ అతని భుజం కుదిపింది. "కొట్టండి తలుపు!"

అతను కదల్లేదు. అవతల ఉన్నది అక్క. పిలిస్తే వస్తుంది. చావు దగ్గరికి తనే పిలిచినట్టవుతుంది. పిలవకపోతే? వదులు బూట్లతో ఎంత దూరం పోగలదు? పేలుడు ఆమెకన్నా వేగంగా పరిగెత్తుతుంది. పిలిచినా ప్రమాదమే, పిలవకపోయినా ప్రమాదమే. పిలిస్తే కనీసం ఒక దారి ఉంది, అదీ అక్క చేతుల్లో ఉంది.

దీపం పసుపు నుంచి ఎరుపుకి తిరిగింది.

వీరేందర్ హెల్మెట్ తీసి తలుపు మీద బాదాడు. "అక్కా! మల్లక్కా! నేను, వీరేందర్‌ని!"

బూట్ల చప్పుడు ముందుకి సాగిపోతోంది. మళ్లీ బాదాడు. గొంతు చీలిపోయేలా అరిచాడు. అందరికన్నా వెనక, ఈడ్చుకుంటూ నడుస్తున్న ఒక జత బూట్లు ఆగాయి.

"ఎవలు? తమ్మీ?"

"అక్కా, తలుపు తియ్యి! రెండూ తియ్యాలె! మొదటిది మూయకు, తెరిచే పట్టుండ్రి!"

గడియ లాగిన చప్పుడు. వెంటనే కొమురెల్లి పరుగు. "వదినె! వద్దు! ఇంటు మార్కున్నది కనవడతలేదా? రెండు తలుపులు ఒక్కసారి తియ్యద్దు, ఒకటి మూసినంకనే ఇంకోటి!"

"నీ రూలు నీకాడనే ఉండనియ్యి! లోపల నా తమ్ముడున్నడు!"

"నా నౌకరి పోతది వదినె!"

"పోతే మా ఇంట్ల తిందువు గని. పక్కకు జరుగు! ఓ సమ్మవ్వా, సంతోషీ, గీ తలుపు మీదికొస్తుంది, జర పట్టుండ్రే!"

గాలి ఒత్తిడికి బయటి తలుపు మూసుకుపోవాలని చూస్తోంది. నలుగురైదుగురు ఆడవాళ్లు వీపులు ఆనించి దాన్ని ఆపారు. పాపం వాళ్లకి రూలూ తెలియదు, గ్యాసూ తెలియదు. మల్లక్క తమ్ముడు లోపల చిక్కుకున్నాడని మాత్రమే తెలుసు. అదే వాళ్లకి చాలింది.

లోపలి తలుపు గడియ ఊడింది.

గాలి వచ్చింది. ఒక్కసారిగా, చల్లగా, దుమ్ము లేపుకుంటూ, వీరేందర్‌ని తోసుకుంటూ గ్యాలరీ అంతా ఊడ్చి, వాళ్లు గోళ్లతో తెరిచిన కిటికీలోంచి ఈలవేస్తూ బయటికి దూకింది. అతను మీటరు చూశాడు. మూడు. రెండు. ఒకటిన్నర.

"అక్కా, అక్కడ్నే ఆగు! లోపలికి రాకు!"

దీపంలో ఎర్రటి దారమంత మిగిలింది. ఆ వెలుతురులో వీరేందర్ చివరిసారి నల్లముగ్గుని చూశాడు. గీతలు వదులయ్యాయి, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గోడ కరిగింది. పై చుక్క కింద పడింది.

చీకటి. మరుక్షణం భగ్గుమంది. గాజు పగిలి రాతిపొడిలోంచి మంట మోకాలెత్తు లేచింది. పైకప్పు వెంట ఒక నీలిమంట మూరెడు పాకి, తినడానికేమీ దొరక్క ఆగిపోయింది. వీరేందర్, కృష్ణప్రియ దోసిళ్లతో పొడి ఎత్తి మంట మీద పోశారు. పోస్తూనే ఉన్నారు, ఆరిపోయాక కూడా.

ఇల్లాళ్ల ల్యాంపుల వెలుగు వచ్చి మీద పడింది. మల్లక్క తమ్ముడి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. నెత్తినుంచి కాళ్లదాకా తెల్లటి పొడి, చేతి నుంచి రక్తం. వీరేందర్ ఆమె భుజం మీద తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడవకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు. వాళ్లెవరూ అక్కడ లేరు.

ఏడుపు అయ్యాక ఉద్యోగం గుర్తొచ్చింది. బొగ్గు టబ్బులు లాగే హాలర్ దగ్గరున్న గని ఫోన్‌కి పరుగెత్తాడు. వోల్కర్ అప్పటికి పైకి చేరే ఉంటాడు. ముత్యానికి ఫోన్‌లో మల్టీఫెర్రాయిక్, ఆర్కిడ్, దేశభద్రత అంటే లాభం లేదు.

"ముత్యం కాకా, ఆ తెల్లదొర పైకొచ్చిండా?"

"ఇప్పుడే వచ్చిండు. కారెక్కుతుండు."

"బాయిల బీడీ తాగిండు కాకా. అగ్గిపెట్టె జేబులనే ఉన్నది."

అవతల ఫోన్ వదిలేసి ముత్యం వేసిన కేక గని మొగదలంతా మోగింది. బాయిలో హత్య చేసినవాడికైనా మాట్లాడే అవకాశం ఇస్తారేమో కానీ, బీడీ వెలిగించినవాడికి ఇవ్వరు. రెండో షిఫ్టుకి వచ్చిన నలభైమంది కారుని చుట్టేశారు. జేబులన్నీ తిరగేశారు. అగ్గిపెట్టె దొరకలేదు. సన్నటి డబ్బాలో వేలిగోరంత పలక దొరికింది. పోలీసులు వచ్చేదాకా వోల్కర్ దొరగారు ల్యాంపుల గదిలో, బెంచీ కింద దాక్కుని తనే తలుపు గడియ పెట్టుకున్నారు.

కృష్ణప్రియ జనంలో కలిసి జారుకోవాలనే చూసింది. ఆడవాళ్లు వదిలితే కదా. పైకి వచ్చేదాకా ఒకరు చెయ్యి, ఒకరు కొంగు పట్టుకునే ఉన్నారు. ఏ ఊరు బిడ్డా, మీదేం కులం, తల్లిదండ్రులున్నరా, పిలగాడు ముందే ఎర్కనా అని ఊపిరాడనివ్వలేదు. సెక్షన్-9 జీపు ఎక్కినప్పుడు ఆమె ముఖంలో కనిపించింది దాదాపు ఉపశమనమే.

మర్నాడు చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్ కె-14. కానీ గ్యాలరీలో ఏం జరిగిందన్నది టాప్ సీక్రెట్. అక్కడ జనం ఏమనుకుంటున్నారు?"

వీరేందర్ చెప్పాడు. "మల్లక్క తమ్ముడు ఎవరో పిల్లతో బాయిలో తలుపులేసుకుని ఉండగా దొరికాడని, సార్. పిల్ల కోసం తెల్లదొరతో దుమ్ములో కొట్టుకున్నాడని. గోదావరిఖని నుంచి కాసిపేట దాకా పాకింది."

"అద్భుతం. అంతకన్నా మంచి కవర్ స్టోరీ మనం రాయలేం. ఖండించొద్దు. ఇది ఆర్డర్."

ఫోన్ పెట్టేసి చూస్తే గుమ్మంలో మల్లక్క నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది. వెనకాల బావ జైపాల్ చేతిలో పళ్ల సంచి. రెండు తలుపులు ఒకేసారి తెరిచిన ఇల్లాలి పేరు చెప్పి కంపెనీ పొద్దున్నే పంపిన మెమో అతని జేబులోంచి తొంగిచూస్తోంది.

"లే, తయారుగా. పిల్ల ఎక్కడుంటదో చెప్పు, పోయి మాట్లాడుకొని వస్తం. ఊరంత ఉమ్మేస్తుంది. ఇంక ఆలస్యం చేసుడు మంచిది గాదు."

వీరేందర్ తల గోక్కున్నాడు. దేశం మీద ఒట్టేసి నోరు కట్టేసుకున్నవాడు అంతకన్నా ఏం చేస్తాడు? "ఇప్పుడు గాదక్కా. ఆమె ఉన్నకాడికి ఊకెనే పోనియ్యరు. పెద్ద గేటు, పోలీసులు. పర్మిషన్ గావాలె."

మల్లక్క పళ్ల సంచి భర్త చేతిలోంచి తీసుకుని చంకన పెట్టుకుంది.

"గంతేనా? ఒక్క గేటే గద, తెరిపిస్తం నడువు."